పికప్‌కు ఎయిర్ హారన్ పెట్టేముందు గాలి లెక్క చూసుకోండి

మీ ప్రశ్న చూడ్డానికి ఒకటే అయినా అందులో ఐదు ఉన్నాయి. ముప్పావు టన్ను డీజిల్ పికప్, వెనక ట్రైలర్ తగిలించుకుని హైవే మీద తిరుగుతారు. కంపెనీ హారన్ కొడితే పక్క లేన్‌లోంచి మీ మీదకు జరిగే పెద్ద లారీ డ్రైవర్‌కు వినపడటం లేదు. 150 డెసిబెల్ అని రాసిన కిట్ కొనాలా? రైలు హారన్ పెట్టాలా? దాన్ని స్టీరింగ్ మీది బటన్‌కే కలపొచ్చా? చోటు కోసం స్టెప్నీ తీసేయాలా? బ్యాటరీ తట్టుకుంటుందా? ఇవీ మీరడిగినవి.

పొట్టిగా చెప్పాలంటే: ట్యాంకుతో నడిచే రెండు బూరల లారీ హారన్ మీకు సరిపోతుంది. రైలు హారన్ వద్దు. వేరే బటన్ పెట్టండి, కంపెనీ హారన్‌ను అలాగే ఉంచండి. స్టెప్నీ జోలికి పోకండి. బ్యాటరీకి ఢోకా లేదు. ఇక వివరంగా.

అన్నిటికంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. చాలా బండ్లకు కంపెనీ నుంచి రెండు హారన్లు వస్తాయి, ఒకటి సన్న గొంతు, ఒకటి బొంగురు గొంతు. గ్రిల్ వెనకాల ఉంటాయి కాబట్టి నీళ్లూ బురదా తగిలి ఏదో ఒకటి చచ్చిపోవడం మామూలే. రెండోది మోగుతూనే ఉంటుంది కనుక యజమానికి అనుమానం రాదు, "హారన్ వీక్‌గా ఉంది" అనుకుంటాడు. బోనెట్ ఎత్తి, ఒకరిని హారన్ కొట్టమని, చెవులు కాపాడుకుంటూ రెండింటి మీదా వేలు పెట్టి చూడండి. రెండూ అదరాలి. ఒకటి అదరకపోతే దాని కనెక్టర్‌లో చిలుము, ఎర్తింగ్ చూడండి. రెండూ బాగుండి కూడా చాలకపోతేనే కింద చెప్పేదంతా.

డెసిబెల్ అంకె సంగతి. డబ్బా మీద 150 అని అచ్చేసినవాళ్లు ఎంత దూరంలో కొలిచారో చాలాసార్లు రాయరు. దూరం చెప్పని డెసిబెల్ అంకెకు అర్థం లేదు. అడ్డంకులు లేని బయలులో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 130 పలికే హారన్, 32 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 100 అవుతుంది. పోలిక కోసం అసలైన రైలింజను హారన్ తీసుకుందాం. అమెరికా రైల్వే నిబంధన ప్రకారం ఇంజనుకు ముందు 100 అడుగుల దూరంలో కొలిస్తే కనీసం 96, గరిష్ఠంగా 110 డెసిబెల్ ఉండాలి. ఆ 110ని వెనక్కి లెక్కగట్టి ఒక మీటరు దగ్గరికి తెస్తే ఇంచుమించు 140 వస్తుంది. 10 డెసిబెల్ అంటే పది రెట్ల శక్తి. అంటే అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బూర ఒక మీటరు దగ్గర 150 పలుకుతుందంటే, గరిష్ఠ పరిమితిలో మోగే రైలింజను కంటే పది రెట్లు శక్తి దాంట్లోంచి వస్తోందని నమ్మాలి. మీరు నమ్మరని నాకు తెలుసు.

ఇదే లెక్కలో ఇంకో విషయం కూడా పనికొస్తుంది. ఒకేలాంటి హారన్లు రెండు పెడితే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి రెట్టింపు గట్టిగా తోచాలంటే 10 దాకా పెరగాలి. అందుకని బూరల సంఖ్య పెంచుకుంటూ పోతే ఖర్చు పెరిగినంతగా శబ్దం పెరగదు. నాలుగైదు బూరలు పెట్టేది ముఖ్యంగా శ్రుతి కలవడానికి. అమెరికా ప్రయాణికుల రైళ్ల మీద వినిపించే నేథన్ ఎయిర్‌చైమ్ కే5ఎల్ఏ అనే ఐదు బూరల హారన్‌లో అన్నిటికంటే మంద్ర స్వరం 311 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మిగతావి దాని మీద పేర్చినట్టు 622 వరకు వెళ్తాయి. అన్నీ కలిసి ఒక కార్డ్‌లా పలుకుతాయి. వినడానికి గొప్పగా ఉంటుంది, ఆ మాట కాదనను. కానీ మీ పని సంగీతం కాదు కదా.

హారన్లలో నాలుగు రకాలున్నాయి. మొదటిది మామూలు కరెంటు హారన్లే కాస్త పెద్దవి, నత్త ఆకారంలో ఉండేవి. ఇవి కంపెనీ వాటికంటే కొంచెం మెరుగు, అంతే. రెండోది చిన్న కంప్రెసర్‌తో కలిసి ఒకే ముక్కగా వచ్చే ఎయిర్ హారన్. స్టెబెల్, వోలో లాంటి కంపెనీలవి చూసే ఉంటారు. దీనికి ట్యాంకు ఉండదు, బటన్ నొక్కితే కంప్రెసర్ తిరిగి నేరుగా బూరలోకి గాలి ఊదుతుంది. చోటు తక్కువ, బిగించడం గంట పని. ఇది కంపెనీ హారన్ కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక పాత వైరుకే తగిలించకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టి బ్యాటరీ నుంచి వేరే వైరు తెచ్చుకోవాలి. ట్రైలర్ లాగనివాళ్లకు, ఊళ్లో తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మూడోది లారీలకు పెట్టే రకం: ట్యాంకు, కంప్రెసర్, బటన్ నొక్కితే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఒకటి రెండు లోహపు బూరలు. హ్యాడ్లీ, గ్రోవర్ పేర్లు ఈ వరసలోవి. నాలుగోది రైలు హారన్, అసలుదైనా దాని పోలికలో చేసినదైనా.

మీకు మూడోది ఎందుకంటే, అడ్డం వస్తున్న లారీని ఆపాల్సింది హారన్ మోగిన మొదటి అర సెకనులో. అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని, ఇంజను రొదలో కూర్చున్న డ్రైవర్ చెవికి అది లారీ హారన్‌లా వినపడితే వెంటనే అద్దంలోకి చూస్తాడు. రైలు హారన్ వినపడితే ముందు రైలు పట్టాలెక్కడున్నాయని వెతుకుతాడు. తమాషాకు అనడం లేదు, మనిషి చెవి శబ్దాన్ని గుర్తుపట్టి దాన్నిబట్టి అటు తిరుగుతుంది. పైగా రైలు హారన్‌కు పెద్ద ట్యాంకు, లావు పైపులు కావాలి, బరువూ ఎక్కువే. మోగించాల్సిన ప్రతిసారీ పక్కనున్న బైకువాడి గుండె ఆగినంత పనవుతుంది.

కొనేముందు మీ ప్రాంతపు నిబంధన కూడా చూసుకోండి. ఐక్యరాజ్య సమితి 28వ నిబంధనను పాటించే దేశాల్లో బండికి బిగించిన హారన్‌ను 7 మీటర్ల దూరంలో కొలుస్తారు, గరిష్ఠ పరిమితి 112 డెసిబెల్. వేరేచోట్ల అంకె చెప్పకుండా "అకారణంగా కర్కశంగా, మితిమీరి ఉండకూడదు" అని రాసి వదిలేస్తారు. ఒకదాని తర్వాత ఒకటిగా స్వరాలు మార్చే హారన్లను చాలాచోట్ల ఒప్పుకోరు. రోడ్డు మీద వాడకూడని హారన్‌ను పొలంలోనో రేసు ట్రాక్‌లోనో వాడతానంటే అది మీ ఇష్టం, అప్పుడు కూడా కంపెనీ హారన్ విడిగా పనిచేస్తూ ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం, గాలి. ఎయిర్ హారన్ గొంతు బూరలో లేదు, బూరకు అందే గాలిలో ఉంది. ఒకే హారన్ ఒక బండి మీద గర్జిస్తుంది, ఇంకో బండి మీద మూలుగుతుంది. తేడా అంతా ట్యాంకులో, వాల్వులో, పైపులో. నిండు చెరువున్నా తూము చిన్నదైతే పొలానికి నీళ్లందవు. ట్యాంకు ఎంత పెద్దదైనా వాల్వు రంధ్రం పావు అంగుళం ఉంటే పెద్ద బూరలు గొంతు విప్పవు. పావు అంగుళం రంధ్రాన్ని అర అంగుళం చేస్తే వ్యాసం రెట్టింపైనట్టే కనిపిస్తుంది గాని దారి వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది. మీ రెండు బూరల హారన్‌కు మూడు బై ఎనిమిది అంగుళం వాల్వు, అదే కొలత పైపు వేస్తే బాగా పలుకుతుంది. రైలు హారన్లకైతే అర అంగుళం కంటే తక్కువ ఆలోచించకూడదు. వాల్వు కొనేటప్పుడు బయటి మర కొలత చూసి మోసపోకండి. బయట అర అంగుళం మర ఉండి లోపల దారి అందులో సగం ఉన్న వాల్వులు చాలా దొరుకుతాయి. లోపలి రంధ్రం ఎంతో అడగండి.

వాల్వు ఎక్కడ పెట్టాలన్నది దీనికంటే ముఖ్యం. చాలామంది ట్యాంకు పక్కనే బిగించి అక్కడి నుంచి బూరదాకా నాలుగు మీటర్ల పైపు లాగుతారు. అప్పుడు బటన్ నొక్కాక ఆ ఖాళీ పైపు ముందు నిండాలి, ఆ తర్వాతే బూర మోగుతుంది. మొదట "బూ" అని బద్ధకంగా లేచి తర్వాత అందుకుంటుంది. వాల్వును బూర మొదట్లోనే పెట్టండి. ట్యాంకు నుంచి వాల్వుదాకా పైపు ఎప్పుడూ నిండు ఒత్తిడితో ఉంటుంది, నొక్కగానే అరుస్తుంది. అత్యవసరానికి వాడే హారన్‌కు ఈ ఒక్క మార్పు విలువ ఏ బ్రాండ్ పేరుకూ లేదు.

ట్యాంకు ఎంత పెద్దది కావాలో లెక్క సులువే. ట్యాంకు లీటర్లను, హారన్ మోగేటప్పుడు తగ్గనిచ్చే ఒత్తిడితో, బార్లలో, గుణించండి. 5 గ్యాలన్ల ట్యాంకు అంటే 19 లీటర్లు. 150 పీఎస్‌ఐ అంటే 10 బార్ పైచిలుకు. 10 నుంచి 6 బార్ వరకు దిగనిస్తే 19 ఇంటూ 4, అంటే 76 లీటర్ల గాలి చేతిలో ఉంది. 2 గ్యాలన్ల ట్యాంకైతే అదే లెక్కన 30 లీటర్లు. మీ హారన్ సెకనుకు 10 లీటర్లు తాగుతుందనుకుంటే పెద్దదాంతో ఏడు సెకన్లకు పైగా, చిన్నదాంతో మూడు సెకన్లు. హారన్ ఎంత తాగుతుందో తయారీదారు కాగితంలో ఉంటుంది, అది వేసి చూసుకోండి. రోడ్డు మీద ఒక ప్రమాదం తప్పించడానికి రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ కొట్టే సందర్భం రాదు. అయినా పెద్ద ట్యాంకు వైపే నా ఓటు. కారణం హారన్ కాదు, టైర్లు. మీ బండి వెనక టైర్లు బరువుతో 60 నుంచి 80 పీఎస్‌ఐ అడుగుతాయి, ట్రైలర్ టైర్లు వేరే. ట్యాంకుకు ఒక గాలి పైపు తగిలించే కప్లర్ పెట్టుకుంటే దారిలో గాలి కోసం ఎవరినీ అడగక్కర్లేదు. హారన్ రోజూ పనికిరాకపోవచ్చు, గాలి మాత్రం పనికొస్తూనే ఉంటుంది.

కంప్రెసర్ ఎన్నుకునేటప్పుడు రెండు విషయాలు. ఒకటి, నిమిషానికి ఎన్ని లీటర్లు అని రాసింది సాధారణంగా ఎదురు ఒత్తిడి లేనప్పటి లెక్క. ట్యాంకులో ఒత్తిడి పెరిగేకొద్దీ అది బాగా పడిపోతుంది. 40 లీటర్ల కంప్రెసర్ పైన చెప్పిన 76 లీటర్లను రెండు నిమిషాల్లో నింపాలి కదా అనుకుంటారు, నిజానికి మూడు నాలుగు నిమిషాలు పట్టొచ్చు. రెండు, డ్యూటీ సైకిల్. 33 శాతం అంటే పది నిమిషాలు తిరిగితే ఇరవై నిమిషాలు చల్లారాలి. హారన్‌కు ఇది చాలు. టైర్లు కూడా నింపుకుంటారంటే 100 శాతం డ్యూటీది తీసుకోండి, లేకపోతే మూడో టైరు దగ్గర మోటారు వేడెక్కి ఆగిపోతుంది. కంప్రెసర్‌ను నీళ్లు చిమ్మని ఎత్తులో పెట్టాలి, గాలి పీల్చుకునే ఫిల్టరును పైపుతో ఇంకా పైకి, పొడిగా ఉండే చోటికి తీసుకెళ్లాలి. బండి వెనక తొట్టి కింద దుమ్ము పీల్చే కంప్రెసర్ ఎక్కువ కాలం బతకదు.

ఒత్తిడికి సంబంధించిన సామాను అంతా ఒకే తరగతిది ఉండాలి. 150 పీఎస్‌ఐ సిస్టమ్‌లో ప్రెజర్ స్విచ్ సాధారణంగా 110 దగ్గర కంప్రెసర్‌ను లేపి 145 దగ్గర ఆపుతుంది. 200 సిస్టమ్‌లో 165కి లేపి 200కి ఆపుతుంది. స్విచ్ అంటుకుపోయి కంప్రెసర్ ఆగకపోతే కాపాడేది సేఫ్టీ వాల్వు. అది స్విచ్ ఆపే ఒత్తిడికి కాస్త పైన విడవాలి, ట్యాంకు మీద ముద్రించిన గరిష్ఠ ఒత్తిడిని మాత్రం ఎన్నడూ దాటకూడదు. 150 వాల్వుతో, 150 హారన్‌తో 200 స్విచ్ కలపడం "ఇంకా గట్టిగా మోగుతుంది" అని చేసే పని, హారన్‌లో అదిరి శబ్దం చేసే పలక చీలిపోవడమే దాని ఫలితం. ట్యాంకు విషయంలో ఇంకా కచ్చితంగా చెబుతాను: వంట గ్యాస్ సిలిండరు, పాత అగ్నిమాపక సిలిండరు, పీవీసీ పైపు, ఇవేవీ గాలి ట్యాంకులు కావు. సరైన ట్యాంకుకు కూడా కొత్తగా లగ్గులు (బిగించే చెవులు) వెల్డింగ్ చేయకూడదు. వెల్డింగ్ వేడికి లోహం బలం మారుతుంది, పగిలితే ముక్కలై ఎగురుతుంది.

కంప్రెసర్ నుంచి వచ్చే గాలి చాలా వేడిగా ఉంటుంది. అందుకే దాంతోపాటు స్టీలు అల్లిక ఉన్న పొట్టి పైపు ఇస్తారు, గాలిని వెనక్కి రానీయని చెక్ వాల్వు సాధారణంగా దాని చివరే ఉంటుంది. పొడవు చాలలేదని దాన్ని తీసేసి ప్లాస్టిక్ పైపు పెడితే కరిగిపోతుంది. పొడవు కావాలంటే అలాంటి స్టీలు అల్లిక పైపే పెద్దది కొనండి. ఆ తర్వాత లారీ ఎయిర్ బ్రేకులకు వాడే నైలాన్ పైపు వేసుకోవచ్చు, గాలి ఒత్తిడికి గట్టిది, కోయడానికి సులువు. దానికి వేడి పరిమితి మాత్రం 93 డిగ్రీల సెల్సియస్. డీజిల్ బండిలో పొగ ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు లోపల 600 డిగ్రీల దాకా వెళ్తుంది. సైలెన్సర్ వైపు నుంచి పైపు గాని వైరు గాని పోనీయకండి, వేరే దారి లేకపోతే వేడి తట్టుకునే తొడుగు వేసి, మధ్యలో రేకు అడ్డం పెట్టి తీసుకెళ్లండి. నైలాన్ పైపును పదునైన కత్తితో అడ్డంగా, సమంగా కోయాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కి కోస్తే మూతి నొక్కుకుపోయి కప్లింగ్ దగ్గర గాలి లీకవుతూనే ఉంటుంది.

మరలకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి మరను వదిలేయండి. అక్కడ చుట్టిన ముక్క తెగి లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటుంది, హారన్ ఆగకుండా మోగుతుంది. అర్ధరాత్రి ఇంటి ముందు ఇది జరిగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మరలకు పూసే ద్రవ సీలెంట్ వాడితే ఆ బాధ లేదు, నా ఇష్టం అదే. పైపును నొక్కి దూర్చే కప్లింగుల్లో పైపు వైపు మాత్రం ఏదీ పూయకూడదు.

ఎక్కడ బిగించాలి అన్నదానికి బండి కింద పడుకుని చూడటం తప్ప మార్గం లేదు. ట్యాంకుకు నేను ఎక్కువగా ఎంచుకునే చోటు ఛాసిస్ పట్టీకి తొట్టి అంచుకి మధ్య, ప్రయాణికుడి వైపా డ్రైవర్ వైపా అన్నది సైలెన్సర్ ఎటు ఉందో దాన్నిబట్టి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగ్ కట్టలు ఎక్కడున్నాయో ముందు గుర్తు పెట్టుకోండి. తొట్టి కింద హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) బీములు ఉంటే ఆ మేరకు చోటు తగ్గుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ పక్కన పెడితే, బండి గుంతలో పడినప్పుడు యాక్సిల్ ఎంత పైకి వస్తుందో ఊహించి ఖాళీ వదలాలి. నిలబెట్టిన బండిలో కనిపించే ఖాళీ అసలు ఖాళీ కాదు.

ఛాసిస్‌కు రంధ్రాలు వేయడం గురించి: పై అంచు, కింది అంచు పట్టీలకు డ్రిల్లు పెట్టకండి, వెల్డింగ్ అసలే వద్దు. బరువు వాటి మీదే పడుతుంది. కంపెనీ వేసిన ఖాళీ రంధ్రాలు చాలా ఉంటాయి, వాటితోనో, పట్టీని చుట్టి బిగించే క్లాంపులతోనో పని జరుగుతుంది. ఫోర్డ్, జీఎం, రామ్ లాంటి కంపెనీలు బాడీ కట్టేవాళ్ల కోసం బాడీ బిల్డర్ గైడ్‌లు ప్రచురిస్తాయి. ఎక్కడ రంధ్రం వేయొచ్చు, ఏ వైరు దేనిది అన్నీ వాటిల్లో ఉంటాయి. హెవీ డ్యూటీ పికప్ యజమానికి ఉన్న సౌకర్యం అది, వాడుకోండి. నట్లకు లాక్ వాషర్ గాని నైలాన్ లాక్ నట్టు గాని తప్పనిసరి, ట్యాంకుకు బ్రాకెట్‌కు మధ్య రబ్బరు ముక్క వేయండి.

స్టెప్నీ తీసి అక్కడ పెద్ద రైలు కిట్ అమర్చిన ఫొటోలు చూసి మీకా ఆలోచన వచ్చి ఉంటుంది. అది ప్రదర్శన బండ్లకు. ట్రైలర్ లాగే బండికి స్టెప్నీ లేకుండా హైవే ఎక్కడం నేను ఒప్పుకోను.

బూరల చోటు వేరు, ట్యాంకు చోటు వేరు. ట్యాంకు వెనక ఉన్నా బూరలు ముందుకే చూడాలి, మీరు హెచ్చరించాల్సినవాడు ముందో పక్కనో ఉన్నాడు. పొట్టి బూరలైతే ముందు బంపర్ చివర్ల వెనక ఇముడుతాయి. అక్కడ రేడియేటర్‌కు, ఇంటర్‌కూలర్‌కు గాలి అడ్డుకోకూడదు, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగును లేపే సెన్సర్ల జోలికి పోకూడదు, ముందు బండి దూరాన్ని కొలిచే రాడార్ ఉంటే దాని ముందుకు లోహం రాకూడదు. పొడవు బూరలైతే క్యాబిన్ కింద ఛాసిస్ పక్కన, ముందు చక్రం చిమ్మే బురద దారికి తప్పించి పెట్టండి. ఎక్కడ పెట్టినా మూతి కాస్త కిందికి వంచి ఉండాలి. పైకి చూస్తే నీళ్లు నిండి పలక దగ్గర నిలుస్తాయి, మొదటిసారి నొక్కినప్పుడు గురగుర తప్ప ఏమీ రాదు. మూతికి సన్న జల్లెడ బిగిస్తే కందిరీగలు గూడు కట్టవు. క్యాబిన్ పైకప్పు మీద అందంగా ఉంటాయి గాని రంధ్రాలు వేసినచోట ఎప్పటికో ఒకనాటికి నీళ్లు కారతాయి.

వైరింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. డీజిల్ పికప్‌లో చాలావాటికి రెండు బ్యాటరీలుంటాయి, రెండింటివీ తీయాలి, ఒకటి తీసి కరెంటు పోయిందనుకోవద్దు. కంప్రెసర్ 30 ఆంపియర్ల దాకా లాగేదైతే బ్యాటరీ నుంచి 8 గేజ్ వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), 40 ఆంపియర్ల ఫ్యూజు, 40 ఆంపియర్లు తట్టుకునే రిలే. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. కంప్రెసర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలినప్పుడు ఆ ఫ్యూజు పోదు, బండి అంటుకుంటుంది. 8 గేజ్ ఎందుకంటే, 5 మీటర్ల వైరులో 30 ఆంపియర్లు పోతున్నప్పుడు 8 గేజ్‌లో నష్టం 0.3 వోల్టు, 12 గేజ్‌లో దాదాపు 0.8. ఆ అర వోల్టు కంప్రెసర్ నెమ్మదించడానికి, వైరు వేడెక్కడానికి ఖర్చవుతుంది. ఎర్తింగ్ దగ్గర పెయింటు గీకి మెరిసే లోహం మీద బిగించి, పైన గ్రీజు పూయండి.

రిలే కాయిల్‌కు కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే వచ్చే తీగ నుంచి తీసుకుని ప్రెజర్ స్విచ్ గుండా పంపండి. అప్పుడు ఎక్కడైనా సన్నగా గాలి లీకవుతున్నా రాత్రంతా కంప్రెసర్ లేచి పడుకుంటూ బ్యాటరీని పీల్చేయదు. బ్యాటరీ తట్టుకుంటుందా అని అడిగారు కదా: 30 ఆంపియర్లు నాలుగు నిమిషాలు తిరిగితే 2 ఆంపియర్ అవర్లు. రెండు బ్యాటరీలు, నడుస్తున్న ఆల్టర్నేటర్ ఉన్న బండికి అది లెక్కలోకి రాదు.

ఇక బటన్. స్టీరింగ్ హారన్‌కు కలపకండి. కొత్త బండ్లలో ఆ బటన్ నుంచి నేరుగా హారన్‌కు వైరు పోదు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ ఆజ్ఞ తీసుకుని రిలేను నడుపుతుంది. దాని తీగకు వాల్వు కాయిల్ తగిలిస్తే ఎర్రర్ చూపొచ్చు, మాడ్యూల్ దెబ్బతినొచ్చు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది: తాళం వేసినప్పుడు బండి "పీప్" అంటుంది కదా, అది అదే హారన్. దానికి ఎయిర్ హారన్ కలిపారంటే ఆసుపత్రి ముందు రిమోట్ నొక్కిన ప్రతిసారీ లారీ హారన్ మోగుతుంది, దొంగ అలారం లేచిందంటే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా మోగుతుంది. స్టీరింగ్ విప్పి లోపల బటన్ పెట్టాలన్న ఆలోచన కూడా వద్దు, అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది. డ్యాష్‌బోర్డు ఎడమ కుడి ఏదైనా, చూడకుండా చేతికి అందేచోట, నొక్కినంతసేపే పనిచేసే బటన్ చాలు. మోకాలు తగిలి నొక్కుకోని చోటు చూసుకోండి. ఫోర్డ్ సూపర్ డ్యూటీ లాంటి వాటిలో అదనపు సామాను నడపడానికి కంపెనీ ఇచ్చే అప్‌ఫిట్టర్ స్విచ్‌లతో వచ్చిన బండైతే వాటినుంచి కంప్రెసర్‌ను ఆన్ ఆఫ్ చేసుకోవచ్చు. హారన్‌కు మాత్రం అవి వద్దు, నొక్కితే అలాగే ఆన్‌లో ఉండిపోయే స్విచ్‌లు హారన్‌కు పనికిరావు. వాల్వు కాయిల్‌కు విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు, కాయిల్ రెండు కొసల మధ్య డయోడు. కాయిల్ ఆపినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ దెబ్బ దాంతో ఆగుతుంది.

బండికి బరువు మోసే ఎయిర్ బ్యాగులు ఉండి, వాటికీ ఇదే ట్యాంకు వాడాలనుకుంటే వాటి దారిలో చెక్ వాల్వు, హారన్ దారిలో ప్రెజర్ ప్రొటెక్షన్ వాల్వు పెట్టండి. ఒత్తిడి ఒక హద్దు కిందికి దిగితే ఆ వాల్వు హారన్‌కు గాలి ఆపేస్తుంది. ట్రైలర్ బరువుతో ఉన్నప్పుడు హారన్ కొట్టి బండి వెనక భాగం కుంగడం మంచిది కాదు.

అంతా అయ్యాక ట్యాంకు నింపి ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి బుడగలు చూడండి. ఆ తర్వాత రాత్రంతా వదిలి పొద్దున మీటరు చూడండి. చలికి గాలి ముడుచుకుని కాస్త తగ్గడం సహజం, సగానికి పడిపోతే ఎక్కడో లీకుంది. ఎక్కువగా చెక్ వాల్వు దగ్గరో హారన్ వాల్వు మూసుకునే సీటు దగ్గరో దొరుకుతుంది. మొదటిసారి మోగించేటప్పుడు చెవిలో ప్లగ్గులు పెట్టుకోండి, బండి కింద, బూరల ముందు ఎవరూ లేరని మీ కళ్లతో చూసుకోండి. అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 100 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు 15 నిమిషాలకు మించి వినకూడదు, 115 అయితే 28 సెకన్లకే ఆ హద్దు దాటిపోతుంది. బూర ఎదుట నిలబడినవాడికి అంతకంటే చాలా ఎక్కువే తగులుతుంది.

ట్యాంకులో నీళ్లు చేరతాయి, అది ఆపలేం. అందుకే డ్రెయిన్ కుళాయి అన్నిటికంటే కిందికి వచ్చేలా ట్యాంకును తిప్పి బిగించాలి. వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి తెరిచి వదలండి. గడ్డకట్టే చలి ఉన్నచోట ఆ నీళ్లే వాల్వులో మంచై బటన్ నొక్కినా హారన్ పలకనీయవు, లేదా తెరుచుకున్న వాల్వును మూసుకోనీయవు. కుళాయి చేతికి అందనంత లోపల ఉంటే దానికి ఒక స్టీలు తీగ కట్టి బయటికి లాగే రకం డ్రెయిన్ వాల్వు దొరుకుతుంది, అది వేయించుకోండి, ఎందుకంటే కింద దూరాల్సి వచ్చే పనిని ఎవరూ నెలనెలా చేయరు.

మీ బండి ఏ సంవత్సరం మోడల్, తొట్టి పొడవెంత, హిచ్ ఏ రకమో రాస్తే ట్యాంకు ఏ వైపు పెట్టొచ్చో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను. వీలైతే సైలెన్సర్ వైపు నుంచి తీసిన ఫొటో కూడా పెట్టండి.